మ్యాక్, విండోస్, లినక్స్ మధ్య ఫైళ్ల కాపీ: అపోహలు - వాస్తవాలు

ఒంగోలు, చీమకుర్తి వైపు ఫోటో స్టూడియోల్లో, గ్రానైట్ ఆఫీసుల్లో నెట్‌వర్క్ పని చేస్తుంటాను. ఎడిటింగ్‌కి మ్యాక్, డిజైన్‌కి విండోస్, ఫైళ్లు దాచడానికి మూలన ఒక లినక్స్ సర్వర్. ఇప్పుడు చాలాచోట్ల ఇదే వరస. కాపీ ఆలస్యమైతే వినిపించే మాటలూ అవే.

అపోహ: "అన్నా, మ్యాక్‌కీ విండోస్‌కీ పడదు, అందుకే స్లో."

వాస్తవం: మూడూ వాడేది ఒకే ఎస్ఎంబీ ప్రోటోకాల్, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి. లినక్స్‌లో ఆ పని సాంబా అనే సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. మ్యాక్ కూడా 2013 నాటి మావెరిక్స్ వెర్షన్ నుంచి ఫైల్ షేరింగ్‌కి దానికే మొదటి చోటు ఇస్తోంది. నేనైతే ముందు కేబుల్ చూస్తాను. ఒక పెద్ద వీడియో కాపీ చేయండి. సెకనుకు 11 మెగాబైట్ల దగ్గరే ఆగిందంటే లింకు 100 మెగాబిట్‌కి పడిపోయిందనే అనుమానించాలి. గిగాబిట్ అయితే, డిస్కు అందుకోగలిగితే, 110 దాకా రావాలి. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి. ఒక జత తెగినా, క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్ బిగింపు) సరిగా లేకపోయినా 100కి పడిపోవచ్చు, పోర్టు లైటు మాత్రం వెలుగుతూనే ఉంటుంది. సీలింగ్ పైన ఎలుకలు కొరికిన కేబుల్‌కి సాంబాను తిట్టి ఏం లాభం?

అపోహ: ఇంటర్నెట్ ప్లాన్ పెంచితే సరిపోతుంది.

వాస్తవం: ఆ ఫైళ్లు మీ ఆఫీసు దాటి బయటికే పోవు.

అపోహ: వీడియో వేగంగా వెళ్లి, అంతే సైజు ఫోటోల ఫోల్డర్ నత్తనడక నడిస్తే సర్వర్ పాడైనట్టే.

వాస్తవం: ప్రతి ఫైలుకీ తెరవడం, రాయడం, మూయడం విడివిడిగా జరగాలి. ఒక్కోదానికీ సర్వర్‌తో రానుపోను కబుర్లు నడుస్తాయి. యాంటీవైరస్ తనిఖీ అదనం. గ్రానైట్ బ్లాకుల ఫోటోలన్నీ ఏళ్ల తరబడి ఒకే ఫోల్డర్‌లో పోసేవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లినక్స్‌కి వేరు, విండోస్‌కి ఒకటే. అందుకే కొత్త ఫైలు వచ్చినప్పుడల్లా, అదే పేరు వేరే అక్షరాల్లో ఉందేమోనని సాంబా ఫోల్డరంతా వెతుకుతుంది. వేల ఫైళ్లుంటే అది భారమే. సెట్టింగ్ మార్చి దీన్ని తప్పించవచ్చు గానీ, పాత ఫైళ్ల పేర్లన్నీ సరిచేయాలి. నెలవారీగా ఫోల్డర్లు విడగొట్టడమే తేలిక. పాతవి పంపాలంటే జిప్ చేసి పంపండి.

అపోహ: ఎస్ఎంబీ1 (ఎస్ఎంబీ పాత వెర్షన్) ఆన్ చేస్తే అన్నీ కలిసిపోతాయి, స్పీడూ పెరుగుతుంది.

వాస్తవం: దయచేసి వద్దు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగిన వన్నాక్రై వైరస్ పాకింది దానిలోని లోపం మీదుగానే. పైగా కొత్త వెర్షన్ల కంటే నిదానం. పాత స్కానర్ కోసం తప్పదంటే, స్కానర్ మార్చమంటాను.

అపోహ: సాంబా సెట్టింగుల ఫైల్లో 'సాకెట్ ఆప్షన్స్' లైను పెడితే పరుగెడుతుంది.

వాస్తవం: ఆ లైనులో పెట్టే బఫర్ (డేటాను కాసేపు ఉంచే మెమరీ) సైజులు లినక్స్ తానే సర్దుకుంటుంది. మీరు అంకెలు బిగిస్తే ఆ సర్దుబాటు ఆగిపోతుంది. ఆ లైను తీసేసి, మ్యాక్ ఉన్నచోట, మ్యాక్ కోసమే సాంబాలో ఉన్న 'ఫ్రూట్' మాడ్యూల్ ఆన్ చేయండి. మ్యాక్‌లో ఫైళ్లు చూసే ఫైండర్‌లో ఫోల్డర్ తెరుచుకోవడం మెరుగుపడుతుంది.