గ్రీజు వదిలాక మడ్డి ఎటు పోతోంది?

విజయవాడ ఆటోనగర్‌లో చాలా షెడ్లలో ఒక రేకు ట్రే ఉంటుంది, దాన్నిండా డీజిల్. విప్పిన గేర్లను ఒక కుర్రాడు అందులో ముంచి బ్రష్‌తో తోముతుంటాడు. గేర్లు తళతళలాడేసరికి డీజిల్ నల్లబడుతుంది, కుర్రాడి చేతులూ నల్లబడతాయి. ఆ మడ్డిని మురుగులో పారబోస్తే? బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊళ్లోంచే డెల్టా పొలాలకు పోతున్నాయి.

పెద్ద ఫ్యాక్టరీలూ ఈ విషయంలో చాలాకాలం తప్పుదారినే నడిచాయి. లోహానికి పట్టిన జిడ్డు వదిలించడానికి దశాబ్దాలపాటు వాడిన ట్రైక్లోరోఇథిలీన్ క్యాన్సర్ కారకమని తేలింది. ఎలక్ట్రానిక్ బోర్డులు కడగడానికి వాడిన సీఎఫ్‌సీ-113 అనే ద్రావకం ఓజోన్ పొరను దెబ్బతీసింది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వల్ల దాన్ని వదులుకోక తప్పలేదు. తుప్పు రాల్చడానికి గాలి ఒత్తిడితో ఇసుక కొట్టిన పనివాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది.

వీటికి బదులు వాడే వాటిలో డ్రై ఐస్ పద్ధతి నాకు ఎంతో నచ్చింది. గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను బియ్యపు గింజంత గుళికలు చేసి, గాలి ఒత్తిడితో కొడతారు. మైనస్ 78.5 డిగ్రీల చలి తగలగానే జిడ్డు పొర పెళుసెక్కుతుంది. పొరా, కింది లోహమూ ఒకే తీరున ముడుచుకోవు గనక పగుళ్లు వస్తాయి. గుళిక ద్రవం కాకుండానే వాయువై వందల రెట్లు ఉబ్బి, ఆ పగిలిన పొరను లేపేస్తుంది. ఇక రాలిన పెచ్చులు ఊడ్చుకుంటే చాలు. టైర్ల అచ్చులను వేడి మీదే, మెషీన్ నుంచి విప్పకుండానే శుభ్రం చేయొచ్చు. ఈ వాయువు కూడా ఎక్కువగా ఎరువుల కర్మాగారాల్లో, డిస్టిలరీల్లో ఎలాగూ బయటికొచ్చేదే. గాలి ఆడని గదిలో మాత్రం ఈ పని చేయకూడదు, ఊపిరాడక ప్రాణం పోతుంది.

లేజర్‌తోనూ తుప్పు వదిలించొచ్చు గానీ, చిన్న షెడ్డుకు ఆ ధర అందదు.

ఆటోనగర్‌కు సరిపోయేది వేడినీళ్లేనని నా గట్టి నమ్మకం. మూత ఉన్న పెట్టెలో, క్షారపు డిటర్జెంట్ కలిపిన వేడినీళ్లు అన్ని వైపుల నుంచీ చిమ్మితే గ్రీజు వదులుతుంది. అల్యూమినియం భాగాలకు ఘాటు క్షారం వద్దు, లోహాన్నే తినేస్తుంది. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల లాంటి సన్నని భాగాలకు అల్ట్రాసోనిక్ తొట్టి (చెవికి వినబడని శబ్ద తరంగాలతో కడిగేది) ఉంది: సెకనుకు 40 వేల కంపనాలకు నీటిలో పుట్టిన బుడగలు చితికిపోతూ, బ్రష్ దూరని రంధ్రాల్లో మురికిని కూడా లాగేస్తాయి.

కడిగిన నీళ్లను కదపకుండా ఉంచితే నూనె పైకి తేలుతుంది. దాన్ని తీసేసి, నీళ్లు వడగట్టి మళ్లీ వాడుకోవచ్చు. తేలిన నూనెను డబ్బాలో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కు ఇవ్వాలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు చెప్పేదీ అదే.