ఫిల్టర్ ఎక్కడ కూర్చుంది? కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ మీద అపోహలు - వాస్తవాలు

గట్టి వాన మొదలైన గంటకి నా ఫోన్ మోగుతుంది. ఏటా ఇదే వరస. "మేస్త్రి గారూ, బండి నీళ్ళలో ఆగిపోయిందండి. ఇంకోసారి సెల్ఫ్ కొట్టి చూడమంటారా?" నేను "వద్దు" అనేలోపే అవతల సెల్ఫ్ చప్పుడు వినిపిస్తుంది. దాని వెనకే టక్‌మని ఒక దెబ్బ. ఆ దెబ్బ విన్నాక నేను మాట్లాడేది ఇంకేం ఉండదు, టోయింగ్ బండి నంబర్ ఇవ్వడం తప్ప.

బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళ పైగా ఈ పనిలో ఉన్నాను. స్టాక్ బండ్లు, అంటే కంపెనీ ఇచ్చినట్టే ఉన్నవి, నీళ్ళలో చెడిపోవడం కొత్త కాదు. ఈమధ్య మాత్రం మోకాలి లోతు కూడా లేని నీళ్ళలో ఇంజిన్ పోగొట్టుకుని వస్తున్నారు. బానెట్ ఎత్తితే ఎయిర్ క్లీనర్ డబ్బా ఉండాల్సిన చోట ఖాళీ. అక్కడి నుంచి మెరిసే అల్యూమినియం పైపు ఒకటి బ్యాటరీ పక్కగా కిందకి దిగిపోయి ఉంటుంది. ఎక్కడికి దిగిందో ఓనర్‌ని అడగండి, తెలియదంటాడు. కంపెనీ డబ్బా తీసేసి, ఇంజిన్‌కి బయటి చల్లగాలి అందాలని వేయించుకునే ఈ కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ గురించే ఈ పోస్ట్.

అపోహ: "బండి ఎత్తు మారలేదు కదా, ఇంతకు ముందు దాటిన నీళ్ళే ఇప్పుడూ దాటొచ్చు"

జనం జేబుకి పెద్ద చిల్లు పెట్టేది ఇదే. మిగతావన్నీ దీని ముందు చిల్లర.

నీళ్ళకి మీ బండి ఎత్తుతో పని లేదు. ఇంజిన్ ఏ ఎత్తులో గాలి పీలుస్తోంది అన్నదే లెక్క. చాలా కార్లలో కంపెనీ ఆ గాలి పీల్చే నోటిని హెడ్‌లైట్ వెనకో, రేడియేటర్ పైపట్టీ మీదో పెడుతుంది. అసలైన కోల్డ్ ఎయిర్ కిట్ వేస్తే శంకు ఆకారంలో ఉండే కోన్ ఫిల్టర్ బానెట్ కింద ఉండదు. బంపర్ వెనక, ముందు చక్రానికి ఎదురుగా, ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి ఖాళీలో, దాదాపు ఫాగ్ ల్యాంప్ సరసన వేలాడుతుంది. ఇంజిన్ వేడి తగలకుండా బయటి గాలి అందాలంటే చోటు అక్కడే. కిట్ తయారుచేసినవాడి తప్పేం లేదు, ఆ పని కోసమే అక్కడ పెట్టాడు.

నా షెడ్డులోనే ఒక హ్యాచ్‌బ్యాక్‌కి టేపు పెట్టి కొలిచాను. కంపెనీ నోరు నేల నుంచి 28 అంగుళాల ఎత్తులో ఉంది. ఫెండర్‌లోకి దింపిన కోన్ అడుగు 11 అంగుళాల దగ్గర ఉంది. అంటే బండి అదే, టైర్లు అవే, నీళ్ళలో ఇంజిన్ ప్రాణం మాత్రం అడుగున్నర కిందకి వచ్చేసింది. దానికి తోడు నీళ్ళు గ్లాసులోలాగా కదలకుండా ఉండవు కదా. మీరు ముందుకు వెళ్తుంటే బంపర్ ముందు అల లేస్తుంది. ఎదురుగా బస్సు వచ్చిందంటే ఇంకో అల. అడుగు లోతు అనుకుని దిగినచోట ఫిల్టర్ దగ్గర అడుగున్నర ఉంటుంది.

"కొన్ని చుక్కలు పోతే ఏమవుద్ది అన్నా, ఆవిరైపోవా?" అని ఒక తమ్ముడు అడిగాడు. చుక్కలైతే పోతాయి. కానీ ఈ లెక్క చూడండి. 1197 సీసీ నాలుగు సిలిండర్ల పెట్రోల్ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ సుమారు 300 సీసీ. కంప్రెషన్ 11, అంటే సిలిండర్‌లో గాలి పదకొండో వంతుకి నలుగుతుంది అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక హెడ్ దగ్గర మిగిలే ఖాళీ 30 మిల్లీలీటర్లే. మన టీ కొట్టు కాగితం కప్పులో సగం. 17.6 కంప్రెషన్ ఉన్న 1248 సీసీ డీజిల్ అయితే ఆ ఖాళీ 19 మిల్లీలీటర్లు కూడా లేదు. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. అంతకన్నా ఎక్కువ నీళ్ళు చేరిన సిలిండర్‌లో పిస్టన్ పైకి రాలేదు, కింద క్రాంక్ తిరగడం మానదు. మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. హైడ్రోలాక్ అంటే ఇంతే.

ఆ డీజిల్ బండి యాక్సిలరేటర్ తొక్కకుండా స్లోలో ఉన్నప్పుడు కూడా సెకనుకి సుమారు 8 లీటర్ల గాలి లాగుతుంది. కోన్ మునిగిన క్షణం ఆ లాగుడంతా నీళ్ళ మీద పడుతుంది. 20 మిల్లీలీటర్లు లోపలికి పోవడానికి ఎంతసేపు కావాలి?

మొన్నామధ్య ఒక కుర్రాడు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు, నాన్న డీజిల్ కారుకి 14 వేలు పెట్టి కిట్ వేయించాడు. రైలు వంతెన కింద సగం చక్రం లోతు నీళ్ళు. ముందు ఆటో వెళ్ళింది, వెనకే వీడు దిగాడు. ఆగిపోయింది. నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టాడు. ఇంజిన్ దించితే రెండు రాడ్లు వంగి ఉన్నాయి. బిల్లు 80 వేలు దాటింది. "వీడియోలో ఫెండర్ లోపలికి నీళ్ళు రావన్నారు అంకుల్" అన్నాడు. రాకుండా ఆపేది లోపలున్న ప్లాస్టిక్ లైనర్. కిట్ పట్టడం లేదని ఫిట్టర్ దాన్ని కోసి పారేశాడు! కోయకపోయినా మునిగాక లైనర్ నీళ్ళని ఆపదు, చక్రం చిమ్మేదాన్ని కొంత ఆపుతుంది, అంతే. వాళ్ళ నాన్న స్టూల్ మీద కూర్చుని ఆ రాడ్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. కొడుకుని ఒక్క మాట అనలేదు. కుర్రాడికి తిట్లు పడ్డా బాగుండేదేమో.

ఇది చదివి టెన్షన్ పడేవాళ్ళకి ఒక మాట. వానలో నడిపినంత మాత్రాన ఏమీ కాదు. ఫిల్టర్ తడుస్తుంది, ఆరుతుంది. ఇంజిన్‌ని చంపేది తడవడం కాదండి, మునగడం. చినుకు పడగానే రోడ్డు పక్కన ఆపేసి నాకు ఫోన్ చేసేవాళ్ళూ ఉన్నారు. అంత భయం అక్కర్లేదు. ముందున్న నీళ్ళ లోతు తెలియకపోతే మాత్రం బండి వెనక్కి తిప్పండి.

ఒకవేళ ఆగిపోయిందా, తాళం తీసేయండి. పుష్ బటన్ బండి అయితే చెయ్యి జేబులో పెట్టుకోండి. నెట్టించి గట్టెక్కించండి, గేరులో వేసి నెట్టించొద్దు. మెకానిక్ వచ్చి బ్యాటరీ నెగటివ్ తీసి, ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ని చేత్తో తిప్పి నీళ్ళు బయటికి తీయాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాల టీ రంగులో ఉంటే ఆయిల్ మొత్తం మార్చాలి. స్లోలో ఆగిన ఇంజిన్‌ని ఇలా చాలాసార్లు బతికించవచ్చు. సెల్ఫ్ కొడితే ఆ అవకాశం పోతుంది.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఇదే చూశాను. అప్పుడు స్టాక్ డబ్బాలూ మునిగాయి, కిట్లూ మునిగాయి, బానెట్ల మీదుగానే పోయాయి నీళ్ళు. కానీ ఇంటి ముందు ఆగి ఉన్న బండి మునిగినా రాడ్ వంగదు. తిరుగుతున్న ఇంజిన్‌లోనే వంగుతుంది. నీళ్ళు తగ్గాక సెల్ఫ్ ముట్టుకోకుండా టోయింగ్‌లో పట్టుకొచ్చిన బండ్లలో చాలావాటి ఇంజిన్లు శుభ్రం చేస్తే నిలిచాయి. వైరింగ్, సీట్లు, బురద వేరే కథ. ఆత్రంగా ఒక్కసారి కొట్టి చూశామన్నవాళ్ళ దగ్గరే ఇంజిన్లు దించాల్సి వచ్చింది.

బైపాస్ వాల్వ్ గురించి తెలిసినవాళ్ళు అడుగుతారు. అమెరికాలో ఏఈఎం కంపెనీ దాన్ని తెచ్చింది. ఫిల్టర్‌కీ, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్‌కీ మధ్య పైపు కోసి, పైన బిగిస్తారు. కింద ఫిల్టర్ మునిగి లాగుడు పెరిగితే ఆ వాల్వ్ తెరుచుకుని బానెట్ లోపలి గాలి ఇస్తుంది. మంచి ఆలోచనే. అయితే వాల్వ్ నీటి మట్టానికి పైన ఉండాలి, టర్బో బండ్లకి పనికిరాదు. మన దగ్గర ఇప్పటి డీజిల్ కార్లు దాదాపు అన్నీ టర్బోలే కాబట్టి డీజిల్ వాళ్ళు ఆశ వదులుకోవచ్చు. ఫిల్టర్‌కి తొడిగే నీళ్ళు పట్టని సాక్ తుంపరకి సాయం చేస్తుంది, మునిగితే చేయదు.

అపోహ: "కోన్ ఫిల్టర్ వేస్తే చాలు, అదే కోల్డ్ ఎయిర్"

బానెట్ కింద, ఇంజిన్ పక్కనే, డబ్బా లేకుండా కూర్చున్న కోన్‌కి షార్ట్ ర్యామ్ అని పేరు. పేరులో ఏముందిలే అనుకోకండి. మే నెలలో బయట 43 ఉన్న రోజు, బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర స్కానర్ పెట్టి చూశాను. డబ్బా ఉన్న బండిలో లోపలికి పోయే గాలి 48 డిగ్రీలు, కోన్ బండిలో 68. ఆ తేడాకి గాలి సాంద్రత ఆరు శాతం దాకా తగ్గుతుంది. అంటే డబ్బిచ్చి వేడిగాలి కొనుక్కున్నట్టు. బండి కదిలి కాస్త స్పీడ్ అందుకున్నాక ఆ తేడా తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కానీ బెజవాడలో మనం సిగ్నల్ దగ్గర ఉండేదే ఎక్కువ కదా. నీళ్ళ విషయంలో మాత్రం ఇది కిందకి దింపినదానికన్నా నయం, ఎత్తులో ఉంటుంది కాబట్టి.

ఇంకో సంగతి. మీరు తీసి అటక మీద పడేసిన కంపెనీ డబ్బా చాలా బండ్లలో ఇప్పటికే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేకే. దాని ముక్కు గ్రిల్ వైపో హెడ్‌లైట్ వైపో బయటికి చూస్తూ ఉంటుంది. చల్లగాలి, ఎత్తు, దుమ్ము, చప్పుడు అన్నీ లెక్కేసి పెట్టిన డబ్బా అది.

అపోహ: "20 హార్స్‌పవర్ పెరుగుద్ది"

83 హార్స్‌పవర్ బండికా? చప్పుడు పెరుగుతుంది. చెవికి వేగంలాగే ఉంటుంది. నా మొదటి కారుకి నేనూ వేసుకున్నాను, పదిహేనేళ్ళ కిందట. నెల రోజులు ఊరంతా వినిపించేలా తిరిగాను. ఒకరోజు ఫ్రెండ్ స్టాక్ బండి హైవే మీద పక్కనే, ఏసీ వేసుకుని, పాటలు వింటూ వచ్చింది. ఇంకేం చెప్పను.

అపోహ: "జీవితాంతం ఉండే ఫిల్టర్, మార్చక్కర్లేదు"

మార్చక్కర్లేదు, కడగాలి. మన దుమ్ముకి పేపర్ ఫిల్టరే మేలని నా అభిప్రాయం. కాటన్ ఫిల్టర్‌కి కడిగాక నూనె పట్టిస్తారు. తక్కువ పట్టిస్తే దుమ్ము దాటుతుంది, సిలిండర్ బోర్, పిస్టన్ రింగులు అరుగుతాయి. ఎక్కువ పట్టిస్తే ఆ నూనె, లోపలికి పోయే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగ మీద చేరుతుంది. ఆ సెన్సర్ ఉన్న బండిలో పైపు సైజు మారినా గాలి లెక్క తప్పుతుంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగి, పెట్రోల్ బండిలో పి 0171 కోడ్ (గాలికి తగ్గ పెట్రోల్ చాలడం లేదని అర్థం) కనిపిస్తే ఇంజెక్టర్ల మీద పడకుండా ముందు ఇటు చూడండి. ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఒకటుంది. ఫిల్టర్ తర్వాత పైపు విప్పి లోపల తెల్ల గుడ్డతో తుడవండి. ఎర్రమట్టి అంటిందంటే మీ ఫిల్టర్ జల్లెడ అన్నమాట.

అపోహ: "ఇన్సూరెన్స్ ఇస్తుందిగా"

మామూలు పాలసీల్లో నీళ్ళు పీల్చి పోయిన ఇంజిన్‌కి సాధారణంగా డబ్బు రాదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ విడిగా తీసుకోవాలి. తీసుకున్నా, చెప్పకుండా వేసిన కిట్ కనబడితే సర్వేయర్ చేతికి మీరే కారణం ఇచ్చినట్టు. కాలిఫోర్నియాలో ఉన్న మా మేనల్లుడు చెబుతుంటాడు, అక్కడ స్మాగ్ చెక్‌కి, అంటే పొగ పరీక్షకి వెళ్తే బానెట్ ఎత్తి చూస్తారట. బయట కొని వేసిన ఇన్‌టేక్ మీద ఆ రాష్ట్రం అనుమతిగా ఇచ్చిన ఈఓ నంబర్ లేకపోతే ఫెయిలే.

స్నార్కెల్ గురించి రెండు మాటలు. అది కిందకి దింపిన కిట్‌కి పూర్తి ఉల్టా, గాలి నోటిని విండ్‌షీల్డ్ పక్కన పైకి తీసుకెళ్తుంది. కానీ డబ్బా దగ్గర జాయింట్ సీల్ చేయకుండా, కింద నీళ్ళు కారే బెజ్జం మూయకుండా పైపు ఒక్కటీ నిలబెడితే అది అలంకారం. కొత్త థార్‌కి కంపెనీ చెప్పిన లోతు 650 మిల్లీమీటర్లు. బయట కొన్న స్నార్కెల్ తగిలించి ఆ అంకెని మీరే పెంచేసుకోకండి.

చివరగా సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళకి. పోయిన జూన్‌లో ఒక డాక్టరమ్మ సర్వీస్‌కి వచ్చారు. కారు కొని మూడు నెలలు. "చప్పుడు కొంచెం ఎక్కువ వస్తోందండీ, సైలెన్సర్ ఏమో" అన్నారు. బానెట్ ఎత్తాను, డబ్బా లేదు. పైపు వెంట చెయ్యి పోనిస్తే మోచేయి దాకా దిగింది, వేళ్ళకి కోన్ తగిలింది, బురద పట్టి ఉంది. ఆవిడకి అక్కడ అలాంటిది ఒకటి ఉందనే తెలియదు. ఇల్లు చూస్తే కృష్ణలంక, వానకి వీధిలో నీళ్ళు నిలిచే చోటు. వెనక వీధిలో పాత సామాన్ల కొట్టులో 1,200 రూపాయలకి స్టాక్ డబ్బా దొరికింది, క్లిప్పు ఒకటి విరిగింది, దానికి టై కట్టాం. కోన్ తీసి చేతికిస్తే, "ఇది పారేయనా, అమ్మనా?" అని అడిగారు. అమ్మమని చెప్పడానికి నోరు రాలేదు. షెడ్డులోనే ఉంది.