‘ద థింగ్’ పూర్వకథ: హారర్ ప్రీక్వెల్‌లపై ఒక ఎడిటర్ చెప్పే అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్లుగా సినిమా ఎడిటింగ్ నా వృత్తి, అందులో సగానికి పైగా హారర్ చిత్రాలే. జాన్ కార్పెంటర్ 1982లో తీసిన ‘ద థింగ్’ చిత్రాన్ని హాస్టల్ రోజుల్లో మొదటిసారి చూశాను. ఆ తరవాత ఎన్నిసార్లు చూశానో లెక్క పెట్టుకోలేదు. అంటార్కిటికా మంచులో పన్నెండు మంది అమెరికన్లు, వాళ్ల మధ్యకు కుక్క రూపంలో వచ్చిన ఒక గ్రహాంతర జీవి, పక్కనున్నవాడు మనిషో కాదో తేల్చుకోలేని స్థితి. కథ ఇంతే. ఆ కుక్క వచ్చింది నార్వే వాళ్ల శిబిరం నుంచి. అక్కడ అంతకు ముందు ఏం జరిగిందో చూపిస్తూ 2011లో ఒక ప్రీక్వెల్ వస్తోందని తెలిసినప్పుడు నాకు కలిగింది సంతోషమో ఆందోళనో విడదీసి చెప్పలేకపోయాను. ఆ శిబిరంలోకి మళ్లీ అడుగుపెట్టాలని ఎంత ఉండేదో, అక్కడ దీపాలన్నీ వెలిగించేస్తారేమోనని అంత దిగులుగానూ ఉండేది.

ప్రాణప్రదంగా చూసుకునే హారర్ చిత్రానికి పూర్వకథ ప్రకటించిన ప్రతిసారీ అభిమానులు ఇదే స్థితిలో పడతారు, కొన్ని అపోహలు కూడా అప్పుడే మాటల్లోకి వస్తాయి. వాటిలో తరచుగా వినిపించేవాటిని ఈ ఒక్క ఉదాహరణను ముందు పెట్టుకుని పరిశీలిస్తాను. రెండు చిత్రాల మలుపులూ ప్రస్తావనకు వస్తాయి కనుక చూడనివారు గమనించగలరు.

అపోహ: ముగింపు ముందే తెలిసిన కథలో భయం పుట్టదు.

వాస్తవం: అభిమన్యుడు తిరిగి రాడని తెలిసే తరతరాలుగా మనవాళ్లు పద్మవ్యూహం ఘట్టాన్ని తెల్లవార్లూ కూర్చుని చూశారు. వ్యూహంలోకి అతను అడుగుపెట్టే క్షణాన గుండె బరువెక్కేది మనకు తెలిసినది అతనికి తెలియదు కాబట్టే. ఎడిటర్‌కు ఇది పెద్ద ఆసరా. ముగింపు తెలిసిన ప్రేక్షకుడి కోసం ఒక నవ్వును, ఒక భోజనాల బల్లను, ఆ జీవి చిక్కుకున్న మంచుదిమ్మ చుట్టూ జరిగే చిన్న వేడుకను మరో నాలుగు క్షణాలు ఎక్కువ ఉంచవచ్చు. ఆ నిడివే దిగులు పుట్టిస్తుంది. అయినా 2011 చిత్ర రచయిత ఎరిక్ హైసరర్ మరో దారి కూడా తెరిచి ఉంచారు. కథానాయిక కేట్ అమెరికా నుంచి వచ్చిన శాస్త్రవేత్త. 1982 చిత్రంలో ఆమె ఊసే లేదు కనుక ఆమె బతికిందో లేదో మనకు ముందుగా తెలిసే వీలు లేదు.

అపోహ: అభిమానికి కావలసింది పాత చిత్రం వదిలేసిన ప్రశ్నలన్నిటికీ జవాబులు.

వాస్తవం: నేను కూడా ఇలాగే అనుకునేవాణ్ణి. 1982 చిత్రంలో హెలికాప్టర్ పైలట్ మెక్‌రెడీ, డాక్టర్ కాపర్ కలిసి కాలిపోయిన నార్వే శిబిరంలోకి వెళతారు. ఒక తలుపులో గొడ్డలి దిగబడి ఉంటుంది. కుర్చీలో ఒక మనిషి గడ్డకట్టి ఉంటాడు, అతని మణికట్ల దగ్గర నెత్తురు కూడా అలాగే గడ్డకట్టి వేలాడుతుంటుంది. మరో గదిలో లోపల తొలిచినట్టున్న పెద్ద మంచుదిమ్మ. బయట, సగం కాలిన రెండు ముఖాలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయిన కళేబరం. అక్కడ ఏం జరిగిందో చెప్పేవాళ్లు ఎవరూ లేరు. ఆ కొద్ది నిమిషాల్లో చూసిన ప్రతివాడూ తన మనసులో తన సొంత ప్రీక్వెల్‌ను కూర్చుకుంటాడు, అందుకే ఆ ఘట్టం ఇన్నేళ్లు నిలిచింది.

2011 చిత్రం వీటన్నిటికీ ఓపికగా జవాబులు చెప్పింది: గొడ్డలి తలుపులోకి ఎలా దిగిందో, రెండు ముఖాలు ఎలా కలిశాయో, మంచుదిమ్మ ఎలా ఖాళీ అయిందో. ఏ జవాబూ తప్పు కాదు. కానీ నా ఊహలో ఆ గొడ్డలి వెనక ఒక మనిషి తన స్నేహితుణ్ణి బయటికి పోనివ్వకుండా ఆపుతున్నాడు, లేదా లోపలికి రానివ్వకుండా. అది ఏదో తేలనంతకాలమే ఆ తలుపు నన్ను వెంటాడింది.

ఇందులో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే విషయం ఒకటుంది. 1982లో ఆ నార్వే శిబిరం కోసం వేరే సెట్ వేయలేదు. పతాక సన్నివేశం కోసం కాల్చేసిన అమెరికన్ శిబిరం శిథిలాల్లోనే ఆ దృశ్యాలు తీశారు. ఖర్చు కలిసివచ్చేలా చేసుకున్న ఏర్పాటు అది. అభిమానులం మాత్రం ఆ బూడిదలో ప్రతి చెక్కముక్కకూ ఒక కథ ఉందని నమ్మాం, ముప్పై ఏళ్ల తరవాత వచ్చిన బృందం ఆ నమ్మకాన్నే పటం చేసుకుని సెట్ కట్టవలసి వచ్చింది. ‘ఏలియన్’ చిత్రంలోనూ ఇదే జరిగింది. 1979లో మనం చూసిన ఆ మహాకాయుడి శిలాజం ఎవరిదో తెలియక వణికాం. 2012లో దాని పూర్వకథ ‘ప్రొమీథియస్’ వచ్చి అది ఒక తొడుగు అనీ, లోపల దాదాపు మనిషిని పోలిన జీవి ఉందనీ చెప్పింది. చెప్పిన తరవాత ఆ శిలాజం నా కళ్లకు చిన్నదైపోయింది.

అపోహ: 2011 చిత్రాన్ని పాడుచేసింది కంప్యూటర్ గ్రాఫిక్స్ ఒక్కటే.

వాస్తవం: సగం నిజం. అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్ జూనియర్‌ల సంస్థ ఈ చిత్రం కోసం చేత్తో, యంత్రాలతో కదిలే బొమ్మలను ఎంతో శ్రమపడి తయారు చేసింది. చిత్రీకరణ తరవాత వాటిలో చాలా భాగాన్ని గ్రాఫిక్స్‌తో కప్పేశారు. ఆ శ్రమ తెరమీదికి రాకపోవడం ఒక అభిమానిగా నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

కానీ ఎడిటింగ్ బల్ల దగ్గర కూర్చుని చూస్తే లోపం అంతకన్నా ముందే మొదలైందని తెలుస్తుంది. 1982లో రాబ్ బాటిన్ ఈ జీవులను తయారు చేసేనాటికి ఆయన వయసు ఇరవై రెండేళ్లు. డాక్టర్ చేతులు రోగి ఛాతీలోకి దిగి తెగిపోయే ఘట్టం కోసం, రెండు చేతులూ లేని ఒక వ్యక్తికి మైనపు ఎముకలు, రబ్బరు నరాలు, జెల్లీ నింపిన కృత్రిమ చేతులు అమర్చి, నటుడి పోలికతో చేసిన మాస్కు తొడిగి తీశారు. ఆ షాట్‌ను మరికొన్ని ఫ్రేములు ఎక్కువ ఉంచితే మాస్కు బయటపడిపోతుంది. అంటే బొమ్మకున్న పరిమితి ఎడిటింగ్ కోతను శాసించింది, ఎప్పుడు చూపాలో ఎప్పుడు తప్పుకోవాలో నేర్పింది. గ్రాఫిక్స్‌లో ఆ పరిమితి లేదు. ఎంతసేపైనా, ఎంత వెలుతురులోనైనా చూపవచ్చు, 2011 చిత్రం అలాగే చూపింది. పైగా ఆ జీవికి అసలు బలం దాక్కోవడం. మనిషి రూపంలో పదిలంగా ఉన్న జీవి వసారాల వెంట అరుస్తూ తరమవలసిన అవసరం ఏముంది? ఆ పని బొమ్మతో చేయించినా తప్పే. 2015లో గిల్లిస్ పూర్తిగా చేతి బొమ్మలనే నమ్ముకుని ‘హార్బింజర్ డౌన్’ తీశారు, ఆ బొమ్మలను చూసి మెచ్చుకున్నాను కానీ భయపడలేదు.

పాత చిత్రంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించే చోట రక్తం లేదు. ఆ కుక్క నిశ్శబ్దంగా వసారాలో నడిచి, ఒక గది గుమ్మం దగ్గర ఆగి, లోపలికి చూస్తుంది. గోడమీద ఒక మనిషి నీడ తల తిప్పుతుంది. అక్కడితో దృశ్యం మసకబారిపోతుంది.

అపోహ: మాతృకకు ఎంత విధేయంగా ఉంటే ప్రీక్వెల్ అంత బాగుంటుంది.

వాస్తవం: 2011 చిత్రంలో అన్నిటికన్నా గట్టిగా పనిచేసిన ఘట్టం పాత చిత్రంలో లేనిది. ఆ జీవి ప్రాణమున్న కణాలనే అనుకరించగలదు, లోహాన్ని అనుకరించలేదు. స్నానాలగదిలో నెత్తుటి మరకల మధ్య పళ్లలో నింపే లోహపు తునకలు దొరకగానే కేట్‌కు ఈ సంగతి తడుతుంది. ఒక్కొక్కరినీ నోరు తెరవమని, టార్చి వేసి పళ్లు చూస్తుంది. 1982 చిత్రంలో రక్తానికి వేడి తీగ తగిలించే పరీక్ష ఉంది. అది ఎవరు మనిషో ఖాయంగా తేలుస్తుంది. ఈ పళ్ల పరీక్ష అలా తేల్చదు. పళ్లలో లోహం ఉన్నవాడు మనిషే, సరే. మరి ఆరోగ్యమైన పళ్లున్నవాడి సంగతి? పళ్లను శ్రద్ధగా చూసుకున్న పాపానికి ఒక అమాయకుడు అనుమానితుల వరసలో నిలబడవలసి వస్తుంది. పరీక్ష బలహీనం కావడమే ఈ ఘట్టానికి బలం. ఆ కొద్ది నిమిషాల్లో కోతలన్నీ నోళ్లమీదికి, కళ్లమీదికి వెళతాయి, చూసేవాడికి పాత చిత్రం గుర్తుకే రాదు. ప్రీక్వెల్ నుంచి నేను కోరుకునేది ఇలా తనదంటూ ఒక ప్రశ్న.

అపోహ: ప్రీక్వెల్ విఫలమైతే మాతృక పరువు పోతుంది.

వాస్తవం: పోదు. అసలు 1982 చిత్రమే విడుదలలో ఆదరణకు నోచుకోలేదు. స్నేహశీలి అయిన గ్రహాంతరవాసిని చూపిన ‘ఈ.టి.’ జూన్ 11న వస్తే ఇది జూన్ 25న వచ్చింది. విమర్శకులు చాలామంది ఈసడించుకున్నారు. దాన్ని ఇంటింటా వీడియో టేపులమీద చూసినవాళ్లు నిలబెట్టారు. 2011 చిత్రం పెట్టుబడిని కూడా రాబట్టలేకపోయినా దానివల్ల పాత చిత్రానికి ఒక్క అభిమాని కూడా తగ్గినట్టు నేను చూడలేదు.

అపోహ: హారర్‌లో మంచి ప్రీక్వెల్ అనేదే లేదు.

వాస్తవం: 2016లో మైక్ ఫ్లానగన్ తీసిన ‘వీజా: ఆరిజిన్ ఆఫ్ ఈవిల్’ తన ముందు చిత్రం కన్నా ఎంతో మేలైనది. 2022లో టై వెస్ట్ తీసిన ‘పెర్ల్’ 1918 నాటి ఒక ఒంటరి అమ్మాయి మనసును పట్టుకుంది.

చివరిగా ఒక అనుభవం. ఒక రాత్రి పని ముగిశాక 2011 చిత్రం చివరి దృశ్యాలను, 1982 చిత్రం మొదటి దృశ్యాలను ఒకే టైమ్‌లైన్‌మీద పక్కపక్కన పెట్టి చూశాను. ఇక్కడ కుక్క పరుగెడుతుంది, లార్స్ అనే నార్వే మనిషి తుపాకీతో హెలికాప్టర్ ఎక్కుతాడు. అక్కడ అదే కుక్క, అదే హెలికాప్టర్. ఎన్నియో మోరికోనే కూర్చిన ఆ గుండెచప్పుడులాంటి సంగీతం రెండు వైపులా ఉంది కనుక అతుకు చెవికి తెలియలేదు, మంచు రంగు మాత్రం కలవలేదు. పాత చిత్రంలో ఆ నార్వే మనిషి తన భాషలో అరుస్తాడు: అది కుక్క కాదు, దూరంగా పొండి అని. కింద అనువాదం వేయలేదు కనుక అమెరికన్లకూ అర్థం కాదు, మనకూ అర్థం కాదు, అతన్ని కాల్చేస్తారు. ఎన్నో ఏళ్లుగా నాకు అతనొక పిచ్చివాడు, పేరు లేని తుపాకీ. కొత్త చిత్రం మాత్రం ఆ శిబిరంలో ఇంగ్లీషు రానిది లార్స్ ఒక్కడికేనని ముందే చెప్పి ఉంచింది. ఆ రాత్రి అతని అరుపు దగ్గర టైమ్‌లైన్ ఆపి, మళ్లీ వెనక్కి జరిపి, మరోసారి విన్నాను.