ఖరీదైన షాకబ్జర్లు వేస్తే చప్పుడు పోతుందా? కారు సస్పెన్షన్ పార్టుల మీద అపోహలు - వాస్తవాలు

వానాకాలం అయిపోగానే, మేడారం జాతర ఉన్న ఏడాదైతే జాతర ముగిసిన మర్నాటి నుంచే, హనుమకొండలో మా గ్యారేజీకి వచ్చే కార్లలో ఎక్కువ వాటిది ఒకటే కంప్లయింట్. ముందు చక్రాల దగ్గర టకటక. కారు దిగుతూనే ఓనర్ అడిగే మాట కూడా ఒకటే: "అన్నా, లోకల్ వేయించాల్నా, మంచి కంపెనీది వేయించాల్నా?" ఏ పార్టు పోయిందో ఆయనకూ తెలియదు, నాకూ ఇంకా తెలియదు, కానీ రేటు మీద చర్చ మొదలైపోతుంది. దానికి ముందే వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు తీర్పు చెప్పేసి ఉంటారు. ఆ తీర్పుల వల్ల జనం పోగొట్టుకునే డబ్బు చూసి చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: ఖరీదైన షాకబ్జర్లు వేస్తే చప్పుడు పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు ఇక్కడే పోతుంది. కారు బరువు మోసేది స్ప్రింగు. ఒకసారి నొక్కుకున్న స్ప్రింగు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊపును ఆపేది షాకబ్జర్. అది పోతే కారు గుంత దాటాక కూడా ఎగురుతుంది, బ్రేక్ కొడితే ముందుభాగం బాగా కిందికి వంగుతుంది, మలుపులో ఒరుగుతుంది, టైరు ఒకచోట అరిగి ఒకచోట అరగకుండా గుంటలు గుంటలుగా తయారవుతుంది. చిన్న చిన్న గుంతల్లో వచ్చే టకటక మాత్రం చాలాసార్లు షాకబ్జర్‌ది కాదు. మలుపులో కారు ఒరగకుండా చూసే స్టెబిలైజర్ బార్‌ను చక్రం వైపుకు కలిపే లింక్ రాడ్డుది కావచ్చు, ఆ బార్‌ను పట్టుకునే రబ్బరు, అంటే స్టెబిలైజర్ బుష్‌ది కావచ్చు, చక్రాన్ని కిందినుంచి పట్టుకునే లోయర్ ఆర్మ్ బుష్‌ది కావచ్చు, షాకబ్జర్‌ను పైన బాడీకి బిగించే స్ట్రట్ మౌంట్‌ది కావచ్చు. బ్రేక్ ప్యాడ్లను నొక్కే కాలిపర్ పిన్ను వదులై కూడా అచ్చం అదే చప్పుడు వస్తుంది.

భూపాలపల్లి నుంచి ఒక ట్యాక్సీ డ్రైవర్ అన్న వచ్చాడు. కారు ఫైనాన్స్ మీద ఉంది. ముందు రెండు షాకబ్జర్లు పేరున్న ప్రీమియం బ్రాండువి వేయించుకున్నాడట, చప్పుడు అలాగే ఉంది. వెళ్లి అడిగితే వెనక రెండూ మార్చాలన్నారట. కారు మొత్తం పాడైందేమో, అమ్మేయాలేమో అని టెన్షన్ పడుతూ వచ్చాడు. లిఫ్ట్ ఎక్కించి లింక్ రాడ్డు పట్టుకుని కదిపితే చేతికే తెలుస్తోంది ప్లే, అంటే వదులు. రెండు వైపులా మార్చాం, చప్పుడు పోయింది. కొన్ని వందల పని. విప్పిన పాత షాకబ్జర్లు డిక్కీలోనే ఉంటే తీసి నొక్కి చూశాను, లీకు లేదు, పట్టు బాగానే ఉంది. "కొత్త షాకబ్జర్లకు పెట్టింది ఈ నెల కిస్తీ పైసలు అన్నా" అన్నాడు. ఇలాంటి మనిషి ముందు నిలబడితే ఆ వాట్సాప్ సలహాల మీద ఎంత కోపం వస్తుందో చెప్పలేను.

కాబట్టి ముందు పోయిన పార్టు పట్టుకోవాలి, రేటు ముచ్చట తర్వాత. లింక్ రాడ్డు చూసేటప్పుడు ఒక్క చక్రమే జాకీ మీద లేపితే స్టెబిలైజర్ బార్ మెలి పడి లింక్ రాడ్డు బిగుసుకుంటుంది, ప్లే ఉన్నా కనబడదు. రెండు చక్రాలూ నేల మీదైనా ఉండాలి, రెండూ గాలిలోనైనా ఉండాలి. అప్పటికీ అనుమానం తీరకపోతే రెండు లింక్ రాడ్లూ విప్పేసి గల్లీలో మెల్లగా ఒక రౌండ్ వేయించండి, చప్పుడు ఆగిందా, దొంగ దొరికినట్టే. మళ్లీ బిగించాకే మెయిన్ రోడ్డెక్కాలి. స్టీరింగ్ తిప్పుతుంటే పైన టంగుమని వస్తే స్ట్రట్ మౌంట్, దాని బేరింగ్ చూడమనండి.

సరే, షాకబ్జర్లే పోయాయి, మంచివే కొన్నారు అనుకుందాం. బిగించేవాడి చేతిలో అవి నెలల్లోనే పాడైపోవచ్చు. షాకబ్జర్ పై నట్టు బిగించేటప్పుడు దాని రాడ్డు తిరుగుతోందని మెరిసే రాడ్డును గ్రిప్ ప్లయర్‌తో పట్టుకుంటారు. దాని మీద చిన్న గీత పడ్డా అది పైకీ కిందికీ ఆడినప్పుడల్లా సీలును కోస్తుంది, ఆయిల్ బయటికొస్తుంది, నింద బ్రాండు మీదికి పోతుంది. పాత బంప్ స్టాప్ (షాకబ్జర్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే రబ్బరు), చిరిగిన డస్ట్ కవర్ మళ్లీ అవే వేస్తే కూడా అంతే. మా వైపు కరీంనగర్ రోడ్డులో గ్రానైట్ లారీలు, గోదావరి వైపు ఇసుక లారీలు, ఆ దుమ్మంతా నేరుగా రాడ్డు మీదే పడుతుంది. రెండు మూడు వందలకు చూసుకుని వేల రూపాయల పార్టును పాడు చేసుకోకండి.

బుష్‌ల సంగతి ఇంకా ఘోరం. లోయర్ ఆర్మ్ బోల్టులు చక్రం గాలిలో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేస్తారు. తర్వాత కారు కిందికి దింపితే ఆర్మ్ పైకి లేస్తుంది, లోపల రబ్బరు తడిబట్ట పిండినట్టు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. ఎంత ఖరీదైన రబ్బరైనా అలా ఎన్నాళ్లు ఆగుతుంది? బరువు చక్రాల మీద పడ్డాకే ఆ బోల్టులకు చివరి బిగింపు ఇవ్వాలి. ఈ ఒక్క మాట మీ మెకానిక్‌ను అడగండి. తెలిసినవాడు వెంటనే తలూపుతాడు.

అపోహ: లోకల్ అయినా, బ్రాండెడ్ అయినా అదే ఇనుము.

అన్ని పార్టులకూ ఈ మాట వర్తించదు. లింక్ రాడ్డు, స్టెబిలైజర్ బుష్ లాంటివి ఓ మాదిరి రేటువి వేసుకున్నా నాకు అభ్యంతరం లేదు, త్వరగా పోతే మళ్లీ మారుస్తాం, అంతే. లోయర్ ఆర్మ్‌ను చక్రం వైపుకు కలిపే గుండు కీలు బాల్ జాయింట్, స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్ ఎండ్, రాక్ ఎండ్ దగ్గర మాత్రం బేరం వద్దు. చక్రాన్ని పట్టుకుని ఉండేవి ఇవే. బాల్ జాయింట్ రబ్బరు బూటు చిరిగితే నీళ్లు, దుమ్ము లోపలికి పోయి గ్రీజు పోతుంది, గుండు ఎండిపోయి అరుగుతుంది, చివరికి గిన్నెలోంచి ఊడి వస్తుంది. చిన్న కార్లలో చాలావాటికి బాల్ జాయింట్ లోయర్ ఆర్మ్‌తో కలిపే వస్తుంది కాబట్టి జనం మొత్తం ఆర్మ్ చవకది కొనేస్తారు. పరకాల రోడ్డులో ఒక కుటుంబం స్పీడ్ బ్రేకర్ మీద మెల్లగా దిగుతుండగా ముందు చక్రం బయటికి మడతపడిపోయింది. పిల్లలు కూడా ఉన్నారు కారులో. అదే హైవే మీద స్పీడులో అయి ఉంటే అన్న ఆలోచన కూడా నాకు వద్దు. విప్పి చూస్తే ఆర్మ్ మీద తయారీదారు పేరు లేదు, పార్ట్ నంబర్ లేదు, ఏమీ లేదు.

అపోహ: షోరూం డబ్బాలో వచ్చిందే ఒరిజినల్, మిగతాదంతా డూప్లికేట్.

కారు కంపెనీలు షాకబ్జర్లు చాలావరకు తామే తయారు చేసుకోవు. గాబ్రియేల్ ఇండియా 1961 నుంచి ఈ పనిలో ఉంది, కార్ల కంపెనీలకూ ఇస్తుంది, తన సొంత డబ్బాలో బయటా అమ్ముతుంది. స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లలో రాణే కూడా అంతే. మన్రో, కేవైబీ, సాక్స్ లాంటివి ప్రపంచమంతా కార్ల కంపెనీలకు ఇచ్చే పేర్లే. అంటే షోరూం డబ్బాకూ పేరులేని లోకల్‌కూ మధ్య ఒక మంచి దారి ఉంది, నేను ఎక్కువమందికి చెప్పేది అదే. కాకపోతే పేరున్న బ్రాండుకే నకిలీలు ఎక్కువ. బిల్లు ఇవ్వనంటే ఆ షాపులో కొనకండి. రేటు మరీ తక్కువ చెబితే సంతోషపడకండి, అనుమానపడండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. షాకబ్జర్ మీద కాస్త తడి మరక కనబడితే పోయినట్టు కాదు, ఆయిల్ కిందికి కారుతుంటేనే మార్చాలి. ఒక్కటే మార్చకండి, ముందు రెండూ లేదా వెనక రెండూ జతగా మార్చండి. 80 వేల కిలోమీటర్లు అని కొన్ని కంపెనీలు చెప్పేది ఒక అంచనా, మన గుంతల్లో ముందే పోవచ్చు, హైవే కారులో ఇంకా నడవచ్చు. ఆయిల్ నింపి రంగేసిన రిపేర్ షాకబ్జర్లు ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. స్ప్రింగు చుట్ల మధ్య పెట్టే రబ్బరు బఫర్లు కారును ఎత్తుగా చూపిస్తాయి కానీ స్ప్రింగు ఆడే చోటు తగ్గించేస్తాయి. కారు గట్టిగా కొడుతోందంటే ముందు టైరు గాలి చూడండి, ఎక్కువ గాలి పట్టించుకుని షాకబ్జర్లను తిట్టేవాళ్లను చాలామందిని చూశాను. లోయర్ ఆర్మ్, టై రాడ్ ఎండ్, ముందు షాకబ్జర్ ఏది విప్పినా అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పనిసరి.

రాత్రిపూట ఫోన్లు వస్తాయి, "పొద్దున్నే తిరుపతి పోవాలి అన్నా, చప్పుడు వస్తోంది, పోవచ్చా?" అని. భయపడటం తప్పేమీ కాదు, పిల్లాపాపలతో బయల్దేరేవాళ్లు అడగాల్సిందే. చిన్న గుంతల్లో సన్నగా టకటక అని, స్టీరింగ్ మామూలుగా ఉండి, బ్రేక్ సూటిగా పడుతుంటే చాలావరకు లింక్ రాడ్డో, బుష్షో అయి ఉంటుంది. అయినా పొద్దున బయల్దేరే ముందు లిఫ్ట్ మీద పది నిమిషాలు చూపించుకుని పొండి. స్టీరింగ్ వదులుగా తిరిగినా, బ్రేక్ కొట్టినప్పుడు కారు ఒక పక్కకు లాగినా, స్టీరింగ్ తిప్పుతుంటే కింద ఇనుము ఇనుముకు తగిలినట్టు గట్టిగా కొట్టినా, కొత్తగా టైరు లోపలి అంచు ఒక్కటే అరుగుతున్నా ఆ కారును మా దగ్గరికి నడుపుకుంటూ కూడా తీసుకురాకండి. ఉన్నచోటే ఆపి ఫోన్ చేయండి, మేమే వస్తాం.