మనాది

దేవరకొండ వైపో, కోయిలకొండ వైపో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అనుకోండి. మూడు నెలల బిడ్డను భుజాన వేసుకొని వచ్చిన తల్లి "నెత్తి నొస్తది, పెయ్యంతా గుంజుతది, తినబుద్ధి అయితలేదు" అంటుంది. డాక్టరు కనురెప్పలు చూసి ఐరన్ గోళీలు రాస్తారు. అది తప్పేమీ కాదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. కానీ బయట బెంచీ మీద కూర్చున్న అత్తను అడిగి చూడండి. "దానికి మనాది పట్టుకుంది బిడ్డా" అని ఒక్క మాటలో చెప్పేస్తుంది.

రంది అంటే చింత. అది వస్తుంది, పోతుంది. లోపలే ఉండి మనిషిని తినేసేది మనాది. డాక్టర్లు డిప్రెషన్ అనేదానికి దగ్గరి మాట. డిప్రెషన్ అంటే పిచ్చి అనుకొని ఉలిక్కిపడే ఇళ్లలో కూడా ఈ మాట తేలిగ్గా చెల్లుతుంది.

కాన్పయిన రెండు మూడు రోజుల్లోనే ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. అందుకే మొదటి వారంలో చాలామంది బాలింతలకు ఊరికే ఏడుపొస్తుంది. రెండు వారాల్లోపు అది దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకుండా దిగులు, నిస్సత్తువ, 'నేను పనికిరాను' అనే భావం రోజూ వెంటాడుతుంటే అది జబ్బు, కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్. వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి ఇంకా తీవ్రమైనది వస్తుంది. నిద్ర ఉండదు, లేని మాటలు వినిపిస్తాయి, బిడ్డ మీద వింత అనుమానాలు పుడతాయి. గాలి సోకిందని తాయెత్తుల కోసం తిరిగే సమయం కాదది, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

హార్మోన్ల కథ అందరు తల్లులకూ ఒకటే. మరి కొందరే ఎందుకు కుంగిపోతారు? గోవాలో మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మంది తల్లుల్లో డిప్రెషన్ కనిపించింది. పేదరికం, భర్తతో సరిపడకపోవడం దానికి ముఖ్య కారణాలుగా తేలాయి. కొడుకు కోసం ఎదురుచూసిన ఇంట్లో ఆడపిల్ల పుట్టడం కూడా. ఆ కారణాల జాబితాను పాలమూరులో చదివితే ఎవరికీ వింతగా అనిపించదు. సంఘం కిస్తీ కట్టాలి, కూలీలను వలస పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీర్చాలి, మగడు పుణెలో ఉంటాడు. తొలి కాన్పుకు పుట్టింట్లో వేడినీళ్ల స్నానం, పథ్యం, పక్కన తల్లి ఉంటాయి. మందుల షాపులో దొరకని వైద్యం అది. మూడో కాన్పుకొచ్చేసరికి ఎంతమందికి అది దక్కుతుంది? పసిబిడ్డను చెట్టుకు కట్టిన చీర ఊయలలో వేసి పత్తి ఏరడానికి వంగాల్సిందే.

బిడ్డ సంగతీ ఉంది. అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ 1970లలో ఒక చిన్న ప్రయోగం చేశాడు. బిడ్డతో ఆడుతున్న తల్లిని రెండు మూడు నిమిషాలు ఏ భావమూ లేని ముఖంతో ఉండమన్నాడు. బిడ్డ నవ్వి చూసింది, చేతులు చాచింది, కేక పెట్టింది, చివరికి ముఖం తిప్పేసుకుంది. పసివాళ్లకు తల్లి ముఖం అంత ముఖ్యం. అయితే ఇలాంటివి చెప్పేటప్పుడు నాకొక ఇబ్బంది ఉంది. బిడ్డ ఎదుగుదల కోసమే తల్లి మనసు బాగుండాలన్నట్టు మాట్లాడతాం, ఆమె నెత్తిన ఇంకో బరువు పెడతాం. ఆమె మనిషి. ఆ ఒక్క కారణం చాలదా?

ఇంతకీ దీన్ని నయం చేయడానికి ఊరూరా సైకియాట్రిస్టు అక్కర్లేదు. పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మానసిక వైద్యుడు అతీఫ్ రెహమాన్ బృందం డిప్రెషన్ ఉన్న గర్భిణుల దగ్గరికి మన ఆశాల్లాంటి ఆరోగ్య కార్యకర్తలనే పంపింది. కాన్పుకు ముందు నెల నుంచి బిడ్డకు పది నెలలు వచ్చేదాకా 16 సార్లు ఇంటికెళ్లి కూర్చున్నారు. 'నా రాత ఇంతే' అన్న ఆలోచనను పట్టుకొని, దాన్ని ఇంకోలా ఎట్లా చూడొచ్చో తల్లితో కలిసి వెతికారు. ఇంట్లోవాళ్లనూ కూర్చోబెట్టారు. 2008లో వచ్చిన ఫలితం చూడండి. బిడ్డకు ఆరు నెలలు వచ్చేసరికి ఆ తల్లుల్లో డిప్రెషన్ 23 శాతం మందిలోనే మిగిలింది. మామూలు సందర్శనలు మాత్రమే అందిన ఊళ్లలో 53 శాతం.

మన దగ్గర ఆసుపత్రి కాన్పయితే ఆశా అక్క 42 రోజుల్లో ఆరు సార్లు ఇంటికి రావాలి. బిడ్డ బరువు తూస్తుంది, పాలు తాగుతోందా అని చూస్తుంది, తల్లికి జ్వరం, రక్తస్రావం ఉన్నాయా అని అడుగుతుంది. "ఏం రంది పెట్టుకున్నవ్ చెల్లె?" అని కూడా అడగడానికి రెండు నిమిషాలు చాలు. అడిగాక వినడానికే సమయం కావాలి. ఇంకా సాయం కావాలంటే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. ఫోన్ మగడి జేబులో ఉంటే మాత్రం అదీ కష్టమే.

ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు మళ్లీ రావాలని 2018 నుంచి నియమం ఉంది. వలస ఊళ్లలో ఆశా అక్క వచ్చేసరికి చాలా తలుపులకు తాళం ఉంటుంది. తల్లీబిడ్డా పుణెలోనో ముంబైలోనో కట్టుబడి పని దగ్గర, రేకుల షెడ్డులో ఉంటారు.