అరవై దాటిన చెవికి డేనిష్

కోపెన్‌హాగెన్‌లో చాలా బేకరీల్లో తలుపు పక్కన నంబరు చీటీల మిషన్ ఉంటుంది. చీటీ లాగి, మన నంబరు పిలిచేదాకా ఆగాలి. చేతిలో ఉన్నది 57 అనుకుందాం. కౌంటర్ వెనక నుంచి "స్యూఒహల్‌త్రెస్" అని వినిపిస్తుంది. మూడు నెలలుగా ఫోన్‌లో పాఠాలు చదివి, ఒకటి నుంచి వంద దాకా తప్పు లేకుండా రాయగలిగిన దంపతులు కూడా ఆ పిలుపుకు కదలరు. కాసేపటికి 58 పిలుస్తారు. వాళ్లకు ఆ అంకె తెలియక కాదు. తెలిసిన అంకే చెవికి అందలేదు.

రిటైరయ్యాక పిల్లల దగ్గరికి వచ్చి డెన్మార్క్‌లో స్థిరపడినవాళ్లు ఇలాంటప్పుడు "వయసైపోయింది, బుర్రకు ఎక్కడం లేదు" అని తమనే తప్పు పట్టుకుంటారు. చాలావరకు అది పొరపాటు. డేనిష్‌లో మొదటి కష్టం చెవిది, జ్ఞాపకానిది ఆ తర్వాత. ఏది ముందో తెలిస్తే రోజులో అరగంట ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

నిజానికి వ్యాకరణం తేలిక. నేను, నువ్వు, ఆమె, వాళ్లు, ఎవరు చేసినా క్రియ మారదు. మీరు, తమరు లాంటి గౌరవ రూపం వాడుకలో దాదాపు పోయింది. పదహారేళ్ల పిల్ల డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని 'తు' (నువ్వు) అనే పిలుస్తుంది, అందులో అమర్యాద ఏమీ లేదు. నామవాచకాలకు రెండు లింగాలే. సుమారు నాలుగింట మూడు వంతుల మాటలు ఒకే లింగంలోకి వస్తాయి కాబట్టి, అనుమానమొస్తే 'ఎన్' (ఆ లింగంలో 'ఒక' అన్న మాట) అనేస్తే ఎక్కువసార్లు సరిపోతుంది. 'ఆ ఇల్లు' అని నిర్దేశించడానికి మాట చివర ఒక ముక్క తగిలిస్తారు. ప్రత్యయాలు చివర చేర్చడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటే. క్రియ మాత్రం వాక్యంలో రెండో స్థానంలోనే ఉండాలి. 'ఈ రోజు వెళ్తాను నేను ఊరికి' అన్న వరస కొన్నాళ్లు ఇబ్బంది పెట్టి, తర్వాత అలవాటవుతుంది.

కష్టమంతా రాతకూ పలుకుకూ మధ్య ఉన్న దూరంలో ఉంది. రాజధాని పేరు కాగితం మీద 'కోబెన్‌హావ్న్' లా కనిపిస్తుంది, నోట్లో 'ఖొప్మ్‌హౌన్' అవుతుంది. దుకాణంలో "అంతేనా?" అని అడిగే నాలుగు మాటలను అక్షరం అక్షరంగా చదివితే 'వార్ దెట్ దెట్ హేలె'. వినపడేది 'వాతెతెహేల్' అనే ఒకే ముద్ద. మాట చివరి బలహీనమైన అచ్చు పక్క హల్లులో కరిగిపోతుంది, హల్లులు మెత్తబడి అచ్చుల్లా మారతాయి. దాంతో ఒక మాట ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలైందో చెప్పే గుర్తులు తగ్గిపోతాయి. అచ్చు అక్షరాలు తొమ్మిదే ఉన్నా, అవి పలికించే అచ్చు ధ్వనులు ఇరవైకి పైనే. ఇది పరాయివాళ్ల ఫిర్యాదు మాత్రమే కాదు. డోర్తె బ్లేసెస్, మరికొందరు డేనిష్ పరిశోధకులు పసిపిల్లల మాటలను లెక్కగట్టి, మొదటి ఏళ్లలో డేనిష్ పిల్లలు అర్థం చేసుకునే మాటలు ఇతర భాషల పిల్లల కంటే తక్కువని 2008లో చూపించారు. పిల్లలు తర్వాత అందుకుంటారు. కానీ పుట్టినప్పటి నుంచి వింటున్న చెవికే ఇంత సమయం పడుతుంటే, అరవై ఐదేళ్ల చెవి మూడు నెలల్లో తడబడటం లోపమేమీ కాదు.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఇక్కడ ఒక మంచి దారి ఉంది. మన పాత వ్యాకరణం క, చ, ట, త, పలను పరుషాలనీ, గ, జ, డ, ద, బలను సరళాలనీ విడదీసింది. డేనిష్ వాళ్లు బ, ద, గ అని రాసేవి నోట్లో మన ప, త, కలకు దగ్గరగా ఉంటాయి, గొంతు కంపించదు. వాళ్లు ప, క అని రాసేవి మాట మొదట్లో ఫ, ఖ లాంటి మహాప్రాణాలు. త అయితే 'త్స' లాగా గాలితో బయటికి వస్తుంది. అంటే కాఫీ అడిగేటప్పుడు 'కఫె' కాదు, 'ఖఫె'. బేరిపండు అడగబోయి ఒత్తు లేకుండా 'పేర' అంటే, దుకాణదారుకు 'మోయడం' అన్న మాట వినిపిస్తుంది. 'ఫేర' అంటే పండు చేతికొస్తుంది. రోజువారీ మాటల్లో మనం ఒత్తులు వదిలేస్తుంటాం, అందుకే ఈ తప్పు దాదాపు అందరూ చేస్తారు. అరచేయి నోటి ముందు పెట్టుకుంటే సరిదిద్దుకోవచ్చు. గాలి తగిలితే సరి, తగలకపోతే ఒత్తు పడలేదు.

మనకు లేని అచ్చులు రెండు ముందు పట్టాలి. 'ఈ' అంటూ, నాలుక కదపకుండా, పెదవులు మాత్రం 'ఊ' కు పెట్టినట్టు గుండ్రంగా చుట్టండి. అది మొదటిది. 'ఏ' అంటూ పెదవులు 'ఓ' కు పెట్టినట్టు చుడితే రెండోది. పెదవులతో పాటు నాలుక కూడా వెనక్కి జారిపోతే మామూలు 'ఊ' వచ్చేస్తుంది, సాధారణంగా జరిగే తప్పు అదే. తేనెటీగకూ పట్టణానికీ డేనిష్‌లో తేడా ఈ ఒక్క పెదవి చుట్టే.

అసలు పరీక్ష 'మెత్తని ద'. రొట్టె, తిండి, వీధి, ఇవన్నీ దానితోనే పలుకుతాయి. మన చెవికి అది 'ల' లా వినిపిస్తుంది, కానీ ల కాదు. నాలుక కొన కింది ముందు పళ్ల వెనక ఆనించి అక్కడే ఉంచాలి. నాలుక నడుమ భాగాన్ని కొంచెం పైకి లేపాలి, పైన ఎక్కడా తగలకూడదు. ఆ స్థితిలో గొంతు కంపిస్తూ 'ల' అనడానికి ప్రయత్నించాలి. అద్దం ముందు నోరు కాస్త తెరిచి చూసుకుంటే, నాలుక అడుగు భాగం కనిపిస్తే కొన పైకి లేచిందన్నమాట, మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు ఐదు నిమిషాలు చాలు. గొంతును ఒక క్షణం బిగబట్టే 'స్టోల్' అనే పలుకు ఇంకొకటి ఉంది. నోరు తెరవకుండా 'ఊఁ, ఊఁ' అని తుంచి వద్దంటామే, ఆ రెండింటి నడుమ బిగింపు లాంటిది. 'ఆమె' కూ 'కుక్క' కూ తేడా అదే. వినడం మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి. పలకడం ఆరు నెలలు వాయిదా వేసినా నష్టం లేదంటాను, ఎందుకంటే దక్షిణ డెన్మార్క్‌లో చాలాచోట్ల స్థానికులే అది లేకుండా మాట్లాడతారు.

ఇక అంకెలు. రోజువారీ బతుకులో ఎక్కువ నష్టం వీటితోనే. నలభై తొమ్మిది వరకు పదుల పేర్లతో ఇబ్బంది లేదు. యాభై నుంచి లెక్క ఇరవైల మీదికి మారుతుంది. 60 'త్రెస్', అంటే మూడు ఇరవైలు. 80 'ఫీర్స్', నాలుగు ఇరవైలు. 50 'హల్‌త్రెస్': 'మూడోదానిలో సగం', అంటే రెండున్నర, దాన్ని ఇరవైతో హెచ్చిస్తే యాభై. అలాగే 70 'హల్‌ఫియేర్స్', మూడున్నర ఇరవైలు. 90 'హల్‌ఫెమ్స్', నాలుగున్నర ఇరవైలు. ఇరవై అన్న ముక్క వాడుకలో రాలిపోయింది, 'యాభయ్యవ' లాంటి వరస సంఖ్యల్లో మాత్రం ఇంకా మిగిలి ఉంది. ఈ లెక్క ఒక్కసారి అర్థం చేసుకుని పక్కన పెట్టాలి. కౌంటర్ దగ్గర గుణకారం చేసే సమయం ఉండదు. చెవి పట్టుకోవాల్సింది మొదటి 'హల్' ఒక్కటే. అది జారిపోతే 50 కాస్తా 60 అవుతుంది, 70 కాస్తా 80 అవుతుంది.

ఈ 'సగం' గడియారంలోనూ ఉంది. 'హల్ ఫీయ' అంటే మాటకు మాట 'సగం నాలుగు', అర్థం మూడున్నర. నాలుగున్నర అనుకుని వెళితే డాక్టరు అపాయింట్‌మెంట్ గంట కిందటే అయిపోయి ఉంటుంది.

దీనికి తోడు ఒకట్ల స్థానం ముందు వస్తుంది: 75 అంటే 'ఐదూ-డెబ్బై'. హైదరాబాదు ఉర్దూ తెలిసినవాళ్లకు 'పచ్‌హత్తర్' ఇదే వరసలో ఉందని గుర్తుచేస్తే సగం భయం పోతుంది. డెన్మార్క్‌లో ఫోన్ నంబరుకు ఎనిమిది అంకెలు, చాలామంది వాటిని నాలుగు జంటలుగా చదువుతారు. అంటే ఒక్క నంబరులో నాలుగు తిరగవేతలు. రాసుకునే పద్ధతి ఇది: ముందే ఎనిమిది గీతలు జంటలుగా గీసుకోండి, ప్రతి జంటలో మొదట విన్నది కుడి గీత మీద, తర్వాత విన్నది ఎడమ గీత మీద వేయండి. మనసులో తిప్పి రాద్దామనుకుంటే మూడో జంట దగ్గరికి వచ్చేసరికి రెండోది చెరిగిపోతుంది. వయసుతో నిజంగా తగ్గేది ఇదే, కొద్ది క్షణాలు పట్టి ఉంచి పని చేయించుకునే జ్ఞాపకం. మాటల నిధి అలా తగ్గదు, అరవైల్లో కూడా చాలామందికి నిలకడగానే ఉంటుంది.

వయసుతో చెవి కూడా మారుతుంది. అరవై దాటినవాళ్లలో 65 శాతానికి పైగా ఎంతో కొంత వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు పోయేవి హెచ్చు పౌనఃపున్యాలు, అంటే సన్నని కీచు ధ్వనులు. 'స' లాంటి హల్లుల బలం చాలావరకు 4000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. తెలుగులో అలాంటి హల్లు వినపడకపోయినా వాక్యం అల్లిక వల్ల మనసు పూరించుకుంటుంది. కొత్త భాషలో పూరించుకోవడానికి సరుకు లేదు. డేనిష్‌లో అసలే హల్లులు తక్కువగా మిగులుతాయి, ఆ మిగిలినవే చెవి జారవిడుస్తుంది. అందుకే మొదటి పాఠ్యపుస్తకం కంటే ముందు ఇద్దరూ వినికిడి పరీక్ష చేయించుకోవాలి. వినికిడి యంత్రాలకు డెన్మార్క్ పెట్టింది పేరు, వాటిని తయారుచేసే ఒటికాన్ కంపెనీ 1904లో అక్కడే మొదలైంది. పాఠాలు ఫోన్ స్పీకర్ మీద కాకుండా చెవుల్ని పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లతో వినాలి, గది ప్రతిధ్వని హల్లుల్ని ఇంకా మింగేస్తుంది. వేగం తగ్గించుకోవచ్చు గాని ముప్పావు వంతు కంటే కిందికి వద్దు, అచ్చులు సాగి వేరే పలుకులైపోతాయి.

భార్యాభర్తలు కలిసి నేర్చుకోవడంలో ఒక లాభం, దాని వెనకే ఒక ఉచ్చు ఉన్నాయి. ఏళ్లుగా కాపురం చేసినవాళ్ల మీద 2013లో ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్ బృందం ఒక పరిశోధన ప్రచురించింది. రెండు గొంతులు కలిసి వినిపిస్తున్నప్పుడు, అపరిచితుల మాట కంటే జీవిత భాగస్వామి మాట బాగా అర్థమవుతుందని తేలింది. అంటే ఇంట్లో ఆయన చదివిన అంకెలు ఆమె చకచకా రాసేస్తారు, ఇద్దరికీ వచ్చేసిందనిపిస్తుంది, బేకరీలో మళ్లీ మామూలే. ఇంట్లో పట్టుబడింది డేనిష్ కాదు, ఆయన గొంతు. పైగా ఒకరి తప్పు పలుకు రెండోవారికి అంటుకుని, ఆ ఇంటి సొంత డేనిష్ ఒకటి తయారవుతుంది. జపనీయులకు ర, ల తేడా నేర్పుతూ డేవిడ్ పిసోనీ బృందం 1990ల మొదట్లో చూపినది ఇక్కడ పనికొస్తుంది: ఒకే గొంతుతో కాకుండా పలువురి గొంతులతో శిక్షణ ఇస్తే ఆ నేర్పు కొత్త గొంతులకూ సాగుతుంది. కాబట్టి ఇద్దరూ కలిసి మాట్లాడటం సాధన చేయండి. వినడం మాత్రం పరాయి గొంతులతోనే.

ఒక రోజు ఇలా గడవవచ్చు. ఉదయం కాఫీకి ముందు, ప్రభుత్వ ప్రసార సంస్థ డీఆర్ కార్యక్రమాల్లోంచి ఇరవై సెకన్ల ముక్క. మూడుసార్లు విని, ఇద్దరూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. నాలుగోసారి డేనిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని సరిచూసుకోవాలి. సబ్‌టైటిల్ ఒక్కోసారి మాటల్ని కుదించి రాస్తుందని గుర్తుంచుకోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే కన్ను చదివేస్తుంది, చెవి సెలవు తీసుకుంటుంది. రాతలో తెలిసి ఉండి వినికిడిలో పట్టుబడని మాటలకు ఎర్ర గీత. సాయంత్రం, మాటలు తిరగేసుకోవడానికి పెట్టుకున్న కార్డుల పెట్టెలోకి వెళ్లాల్సినవి అవే. 'డెన్ డాన్స్కె ఓర్డ్‌బో' నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితం, మాటలకు పలుకు కూడా వినిపిస్తుంది. కార్డు ముందు వైపు అక్షరాలు కాదు, ఆ ధ్వని ఉండాలి. కొత్తవి రోజుకు ఏడెనిమిది మించవద్దు. ఒకటో రోజు, మూడో రోజు, వారం, రెండు వారాలు, ఇలా ఎడం పెంచుతూ తిరగేయాలి. ఇరవై చొప్పున ఎక్కించేవాళ్లు మూడో వారానికి బాకీ పెరిగి పెట్టె మూసేస్తారు.

డెన్మార్క్‌లో నివాసం ఉన్నవాళ్లకు స్థానిక కమ్యూన్ (పురపాలక సంఘం) ద్వారా భాషా పాఠశాల ఉంటుంది. మూడు మార్గాలు, ఒక్కోదానికి ఆరు మెట్లు. డిగ్రీలు చూసి పెద్దవాళ్లను కూడా వేగంగా నడిచే మూడో మార్గంలో వేయడం మామూలు. ఉద్యోగం కోసం పరుగెత్తాల్సిన పని లేని దంపతులు నెమ్మదైన మార్గం అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. కొద్ది నెలలకు చూడటానికి వచ్చినవాళ్లు చాలా గ్రంథాలయాల్లో జరిగే భాషా కబుర్లకు వెళ్లవచ్చు.

రెండో భాష మతిమరుపు జబ్బును ఆపుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. ఆ మాటకు ఒక మూలం హైదరాబాదులోనే ఉంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని 2013లో ప్రచురించింది. చదువు లేనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. అయితే వాళ్లు ఏళ్ల తరబడి రెండు మూడు భాషల మధ్య బతికినవాళ్లు. అరవై ఐదులో మొదలుపెట్టిన డేనిష్‌కు ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు. తెలుగూ ఉర్దూ, తెలుగూ హిందీ మాట్లాడుతూ వచ్చిన దంపతులకు ఆ లాభం ఏదైనా ఉంటే ఇప్పటికే అంది ఉంటుంది.

బయటికి వెళ్లినప్పుడు ఇంకో అడ్డు: మీరు తడబడగానే డేన్లు దయతో ఇంగ్లీషులోకి మారిపోతారు. అప్పుడు ఇంగ్లీషులో జవాబివ్వకుండా, "డేనిష్‌లో మాట్లాడతారా, నేర్చుకుంటున్నాం" అనే ఒక్క వాక్యాన్ని ముందే నోటికి పట్టించుకుని వాడాలి. రద్దీ వేళల్లో కాదు, మధ్యాహ్నం ఖాళీగా ఉన్నప్పుడు. బిల్లు దగ్గర అంకెల పలక వైపు ఒకరు చూడాలి, రెండోవారు వీపు తిప్పి నిలబడి, క్యాషియర్ చెప్పిన మొత్తాన్ని చిన్న చీటీ మీద రాయాలి. 59 క్రోన్‌లా, 69 క్రోన్‌లా? ఇంటికొచ్చాక రసీదుతో సరిచూసి, తేదీ వేసి ఆ చీటీలను ఒక డబ్బాలో వేసుకుంటూ పోతే, మూడు నెలల తర్వాత చెవి ఎంత దూరం వచ్చిందో ఆ డబ్బాలోనే కనిపిస్తుంది.