ముందు ఏ పాట వదలాలి? మా పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

మీరు పంపిన పాటలన్నీ విన్నాను, జమిడిక అనే మన జానపద తీగ వాయిద్యంతో మొదలయ్యేదైతే మళ్లీ మళ్లీ విన్నాను. మీ బ్యాండ్ ఆల్బమ్ రెడీ అయింది గానీ ముందు ఏ పాట వదలాలో తేలక మీలో మీకే పెద్ద లొల్లి నడుస్తోందని మీ అమ్మ చెప్పింది. ఇది చిన్న విషయం కాదు, మీ టెన్షన్ నాకు అర్థమైంది, అందుకే ఫోన్‌లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా వివరంగా రాస్తున్నాను.

ఆల్బమ్ కంటే ముందు అందులోంచి ఒక్క పాటను విడిగా వదిలితే దాన్ని లీడ్ సింగిల్ అంటారు, మన సినిమా వాళ్లు ఫస్ట్ సింగిల్ అని పోస్టర్లు వేసేది కూడా దీనికే. ఆ ఒక్క పాట విని జనం మిగతావి వినాలో వద్దో తేల్చుకుంటారు కాబట్టి అందరూ హుషారైనదాన్నీ, మొదటి నిమిషంలోనే పల్లవి వచ్చి నోటికి పట్టేసేదాన్నీ ముందు పెడతారు. మీలో ఇద్దరు ఆ స్పీడ్ గిటార్ పాటే ముందు పోవాలని పట్టుబట్టడానికి కారణం అదే అయ్యుంటుంది. ఆ లెక్కకు పూర్తిగా ఎదురు వెళ్లిన పాట ఒకటుంది. ఆర్‌ఈఎం అనే అమెరికా బ్యాండ్ 1991 ఫిబ్రవరిలో వదిలిన 'లూజింగ్ మై రిలీజియన్'. తర్వాతి నెలలో వచ్చిన 'అవుట్ ఆఫ్ టైమ్' ఆల్బమ్‌కు అదే లీడ్ సింగిల్.

ముందు ఆ బ్యాండ్ ఎక్కడిదో చెప్పాలి. న్యూయార్క్ కాదు, లాస్ ఏంజెలెస్ కాదు, జార్జియా రాష్ట్రంలో యూనివర్సిటీ ఉన్న ఏథెన్స్ అనే చిన్న ఊరు. మన హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీ, నిట్, మెడికల్ కాలేజీల పిల్లలతో చౌరస్తాలు ఎలా నిండి ఉంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు, అలాంటి వాతావరణంలోనే 1980లో ఆ నలుగురూ కలిశారు. పాడేది మైకెల్ స్టైప్, గిటార్ పీటర్ బక్, బేస్ మైక్ మిల్స్, డ్రమ్స్ బిల్ బెర్రీ. పెద్ద రేడియోలు వాళ్లను పట్టించుకోకముందే కాలేజీ పిల్లలు నడిపే రేడియో స్టేషన్లు వాళ్ల పాటలు వేశాయి. ఆల్టర్నేటివ్ రాక్, అంటే మామూలు హిట్ పాటల దారికి భిన్నంగా నడిచే రాక్ అనే మాట అప్పట్లో అలాంటి బ్యాండ్ల చుట్టూనే పెరిగింది. చిన్న రికార్డు కంపెనీలో ఐదు ఆల్బమ్‌లు చేశాకే వార్నర్ లాంటి పెద్ద కంపెనీకి వెళ్లారు. హైదరాబాద్‌కు మారితే తప్ప పని జరగదని మీలో ఒకడు అంటున్నాడట, ఈ విషయం వాడికి ప్రత్యేకంగా చదివి వినిపించండి.

ఇక పాట సంగతి. 1989లో దేశదేశాలు తిరిగి కచేరీలు చేసి వచ్చాక బక్‌కు ఎలక్ట్రిక్ గిటార్ అంటే విసుగొచ్చింది. ఒక మాండొలిన్ కొనుక్కుని ఇంట్లో టీవీ చూస్తూ, తడుముకుంటూ నేర్చుకుంటున్నాడు. ప్రాక్టీస్ చేసేదంతా టేప్ చేసి పెట్టుకునేవాడు. మరుసటి రోజు ఆ టేప్ వింటే కొత్తగా నేర్చుకునేవాడి తడబాట్ల మధ్య ఒక వరుస దొరికింది, పాట పుట్టింది అందులోంచే. మాండొలిన్‌కు ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలుగా ఉంటాయి, శ్రుతి వయొలిన్ లెక్కనే. మీటిన స్వరం తొందరగా ఆరిపోతుంది కాబట్టి వెంటవెంటనే మీటుతూ ఉండాలి, ఆ పాటకు పరుగెత్తే గుణం వచ్చింది అక్కడే. మన పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారికి కర్ణాటక సంగీతంలో గమకాలు పలకాలి, స్వరం ఆరిపోతే కుదరదు, అందుకని ఆయన జత తీగలు తీసేసి ఐదు విడి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద వాయించారు. ఆయన్ను కూడా వినండి. ఒకే వాయిద్యాన్ని ఇద్దరు ఎంత వేరు దారుల్లో తీసుకుపోయారో మీ చెవికే తెలుస్తుంది.

ఆర్‌ఈఎం పాటలో పల్లవి అని పట్టుకోదగ్గది లేదు. బతుకమ్మ పాటలో ప్రతి వరుసకూ ఉయ్యాలో తిరిగి వచ్చినట్టు అక్కడ మాండొలిన్ వరుస తిరిగొస్తూ ఉంటుంది, స్టైప్ దాని మీద చెప్పుకుంటూ పోతాడు. కింద మిల్స్ బేస్ మెల్లగా నడుస్తుంది, వెనక అట్లాంటా సింఫనీ ఆర్కెస్ట్రా వాళ్ల తీగ వాయిద్యాలు ఉంటాయి కానీ మీద పడవు. పేరు చూసి మతం గురించిన పాట అనుకోకండి, అది అవతలి మనిషి నుంచి జవాబు రాని ప్రేమ. నాలుగున్నర నిమిషాలు ఎక్కడా అరుపు లేదు. నా మటుకు నాకు ఆ నాలుగున్నర నిమిషాల్లో ఒక్క క్షణం కూడా తీసేయాలనిపించదు.

దీన్ని ముందు వదులుదామంటే కంపెనీ వాళ్లు తటపటాయించారు. వాళ్ల భయంలో న్యాయం ఉంది, పల్లవి లేని, మాండొలిన్ ముందుండే పాటను రేడియో వాళ్లు వేస్తారని ఎవరు మాత్రం నమ్ముతారు? పైగా అంతకు ముందు ఆల్బమ్‌లో 'స్టాండ్' అనే సరదా గిటార్ పాట అమెరికా చార్టులో 6వ స్థానం దాకా పోయింది, అలాంటిదే ఇంకొకటి వదలడం తేలికైన దారి. చాలా చర్చలు జరిగాక బ్యాండ్ మాటే నెగ్గింది. ఈ పాట 4వ స్థానానికి చేరింది, అమెరికాలో వాళ్ల పాటల్లో ఇంతకన్నా పైకి పోయింది మరొకటి లేదు. ఆ ఆల్బమ్ కోసం వాళ్లు టూర్ కూడా చేయలేదు, రేడియో, టీవీల మీదే పాట ఊళ్లు తిరిగింది. ఆల్బమ్ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ మొదటి స్థానంలో నిలిచింది, తర్వాతి ఏడాది మూడు గ్రామీలు వచ్చాయి.

వీడియో తీసింది మన జలంధర్‌లో పుట్టిన తర్సెమ్ సింగ్. పాతకాలపు ఇటలీ చిత్రకారుడు కారవాజియో బొమ్మల్లోని వెలుగునీడలు, రెక్కలున్న ముసలాయన, కలలో లాంటి సెట్లు, వాటి మధ్య వింతగా చేతులు ఊపుతూ స్టైప్ ఆడే ఆట. 1991లో ఎంటీవీ ఆ వీడియోకు ఆరు అవార్డులు ఇచ్చింది. మీరు వీడియోకు డ్రోన్ షాట్లు కావాలి, భద్రకాళి చెరువు పైనుంచి తీయాలి అంటున్నారట. తీయండి, వద్దనను. కానీ ఆ వీడియోలో ఎక్కువ భాగం నాలుగు గోడల మధ్యే నడిచిందని గుర్తు పెట్టుకోండి, ఖర్చు తగ్గుతుంది.

నా మాట సూటిగా చెప్తున్నా. మీ స్పీడ్ పాట బాగుంది, కానీ అలాంటివి చేసే బ్యాండ్లు మస్తుగా ఉన్నాయి. జమిడిక పాట మీ నలుగురు తప్ప ఇంకెవరూ చేయలేరు. బైండ్ల వాళ్లు ఎల్లమ్మ కథ చెప్పేటప్పుడు మోగే ఆ తీగ చప్పుడు పక్కన గరగరలాడే మీ డిస్టార్షన్ గిటార్ నెమ్మదిగా వచ్చి చేరే చోట నాకు ఒళ్లు జలదరించింది. ఈ ఆల్బమ్‌తో మీరు కొత్తగా ఏమయ్యారో ఆ పాటే చెప్తోంది. అదే ముందు వదలండి. మొదట్లో జమిడిక ఒక్కటే మోగే ముక్క పొడుగైందని కత్తిరించాలనుకుంటున్నారట, దాన్ని ముట్టుకోవద్దు.

ఎవరు కట్టిన పాట ముందు పోతోందన్న పంతం కూడా మీ గొడవలో ఉందని నాకు అనుమానం. ఆర్‌ఈఎం వాళ్లు వరుస ఎవరికి తట్టినా పాట కింద నలుగురి పేర్లూ సమానంగా వేసుకున్నారు, లూజింగ్ మై రిలీజియన్‌కూ అంతే, బక్ ఒక్కడి పేరు లేదు. మీరూ ఆ పద్ధతి పెట్టుకోండి, సగం లొల్లి అక్కడే పోతుంది. ఇంకొకటి, జమిడిక నేర్పిన పెద్దమనిషిని పాట వదలకముందే కలవండి. ఆయన పేరు పాట కింద ఎలా రాయాలో ఆయన్నే అడగండి, డబ్బులొస్తే ఆయన వాటా ఎంతో ముందే మాట్లాడుకుని కాగితం మీద పెట్టండి. దానికి నేను కూడా వస్తాను, ఆదివారం అయితే నాకు వీలు.

మీ పెద్దనాన్న,
హన్మకొండ